డౌటమ్మ

అరవయ్యో టెస్ట్‌ట్యూబు కడిగి చెక్క స్టాండులో బోర్లించేసరికి మొదటి గంట కొట్టారు. ఇంకా పన్నెండు మిగిలాయి. ల్యాబు ఆయా సన్నటి బ్రష్షును మరో గొట్టంలోకి దూర్చి మెలితిప్పింది. పందొమ్మిదేళ్ళుగా చాకలి సోడా నీళ్ళలో నానిన వేళ్ళు కొసల్లో తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మధ్యమధ్య ఆగి గొంతు సవరించుకుంది. సవరించినకొద్దీ లోపల ఇసుక రాసుకున్నట్టు మండింది.

సింకు పక్క గూట్లో అంచు విరిగిన బీకరు ఒకటుంది. పగిలిన సామాను పారేయడం ఆమె పనే అయినా దాన్ని మాత్రం ఏనాడూ పారేయలేదు. చేతులు కడుక్కునే వంకతో వచ్చిన పిల్లలు అందులో చీటీలు వేసి పోతారు. ఈ రోజు ఒకటే ఉంది. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని విప్పింది. 'మరిగే నీళ్ళలో బుడగలు వస్తాయి కదా, ఆ బుడగల లోపల ఏముంటుంది?' రెండో బెంచీ పిల్ల దస్తూరీ అది. అక్షరాలన్నీ గాలికి వాలినట్టు ఒకే పక్కకు ఒరిగి ఉంటాయి.

సైన్సు మాస్టారు చెడ్డవాడేమీ కాదు. పాఠం చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు ఆ బడిలో లేరు. నాలుకే కాస్త పదును. తెలియనిది అడిగిన పిల్లకు జవాబుకన్నా ముందు ఒక ఎత్తిపొడుపు ముడుతుంది, అది పేరై అతుక్కుంటుంది. ఆయా చేరకముందెప్పుడో, రాత్రిళ్ళు సూర్యుడు ఎక్కడుంటాడని అడిగిన పాపానికి ఒకడు బడి వదిలేదాకా 'పడకగది' అనిపించుకున్నాడు. అందుకని ఆయన క్లాసులో ఎవరూ నోరు మెదపరు.

ఆమె చేరిన ఏడాదే ఒక పిల్ల సింకు దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అడగాలని ఉందిట, అడిగితే నవ్వుతారుట. ఆ మర్నాడు బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆయా తలెత్తి, తెలియక అడుగుతున్నానంటూ ఆ పిల్ల సందేహాన్ని తనదిగా అడిగేసింది. క్లాసంతా పగలబడి నవ్వింది. మాస్టారూ నవ్వి, "రావమ్మా డౌటమ్మా," అని బోర్డు తుడిచి, గంట కొట్టేదాకా బొమ్మలు గీసి చెప్పారు. నవ్వుతూనే పిల్లలంతా రాసుకున్నారు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషికి సిగ్గేమిటి? దులిపేసుకుంది. అప్పటినుంచీ ఆ పేరే స్థిరపడింది, ఆ పద్ధతీ స్థిరపడింది. ఎన్ని వందల చీటీలు తన సందేహాలుగా చెలామణీ చేసిందో ఆమెకే గుర్తులేదు. గుర్తున్నది గర్వమే. పిల్లలకు నేనున్నానని లోలోపల మురిసిపోయేది.

పోయిన వారం డాక్టరు గొంతులోకి చిన్న అద్దం దింపి చూశాడు. తర్వాత కూతుర్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. తలుపవతల ఉన్నా డౌటమ్మ అంతా వింది. గొంతులో మాట పుట్టే చోటునే కోసి తీసేయాలి, మనిషి దక్కాలంటే వేరే దారి లేదు. సోమవారం ఆపరేషను. కుట్టుపని చేసుకునే కూతురు ఆ సాయంత్రమే పలకా బలపమూ కొనుక్కొచ్చి, తల్లి ముఖం చూడలేక వాటిని మిషను కింద దాచింది.

ఇవాళ శుక్రవారం. బళ్ళో హెడ్మిస్ట్రెస్‌కు తప్ప ఎవరికీ తెలియదు. గొంతు పోతుందన్న భయం కన్నా పెద్ద భయం ఆమెకు రెండు రాత్రులుగా నిద్ర లేకుండా చేస్తోంది. ఈ పందొమ్మిదేళ్ళలో ఒక్క పిల్ల కూడా లేచి తన నోటితో తాను అడగలేదు. అడగాల్సిన అవసరం రానివ్వలేదు తను. మేలు చేస్తున్నాననుకుంటూ వాళ్ళ నోళ్ళకు తానే తాళం వేసింది. ఈ సంగతి ఇప్పుడు తెలిసి ఏం లాభం? అయినా ఆఖరి పీరియడులోగా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగితే చాలు, ఒకరిని చూసి ఇంకొకరు అడుగుతారు.

మధ్యాహ్నం రెండో బెంచీ పిల్ల చేతులు కడుక్కోవడానికి వచ్చినప్పుడు డౌటమ్మ చీటీని తిరిగి ఆ పిల్ల చేతిలోనే పెట్టేసింది.

"నువ్వే అడుగమ్మా. ఇవాళ నేను అడగను." బొంగురు గొంతులో సగం మాటలు గాలిగానే వచ్చాయి.

"నవ్వుతారత్తా."

"నన్ను చూసీ నవ్వారుగా ఇన్నేళ్ళు. నాకేమైనా ఊడిందా?"

పిల్ల చీటీని గుప్పిట్లో మూసి తలూపింది. డౌటమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఆఖరి పీరియడులో మాస్టారు నీళ్ళు మరిగించి చూపించారు. సింకు దగ్గర తన స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని, ఆమె పాఠం ఒక్క ముక్క వినలేదు. ఆ పిల్ల జడనే చూస్తోంది. పాఠం అయింది. చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ మాస్టారు రోజూ అనే మాటే అన్నారు.

"ఏమైనా సందేహాలున్నాయా?"

నలభై తలలూ అలవాటుగా స్టూలు వైపు తిరిగాయి. డౌటమ్మ తల వంచుకుంది. గుడ్డను గట్టిగా పిండింది, పొడి గుడ్డ అది. ఎవరో దగ్గారు. రెండో బెంచీ కిర్రుమంది. పిల్ల సగం లేచింది.

"ఏమ్మా, బెంచీలో మేకు లేచిందా?" అన్నారు మాస్టారు.

మనసులో ఏమీ లేదు ఆయనకు, అలవాటైన నాలుక అంతే. క్లాసు గొల్లుమంది. పిల్ల చెవులు కందిపోయాయి, చేతిలో చీటీ నలిగిపోయింది. నిలబడలేదు, కూర్చోలేదు. కళ్ళు నిండుకొస్తుండగా స్టూలు వైపు చూసింది.

ఇంకొక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో. పట్టలేకపోయింది. ఆ ముఖం చూసేసరికి డౌటమ్మ చేతిలో గుడ్డ వదిలేసింది. వద్దు వద్దని తనకు తాను చెప్పుకుంటూనే లేచి నిలబడింది.

"తెలియక అడుగుతున్నా సార్," అంది, ఒక్కో మాటా లోపలినుంచి పెకిలించి తెచ్చినట్టు. "ఆ బుడగల్లో... ఏముంటుంది?"

అందరూ హాయిగా నవ్వారు. పిల్ల చప్పున కూర్చుంది. మాస్టారి ముఖం వెలిగింది. మొదట్లో వచ్చే చిన్న బుడగల్లో గాలే ఉంటుందనీ, నీళ్ళు తెర్లాక వచ్చే పెద్ద బుడగల్లో మాత్రం గాలి కాదు, నీళ్ళేననీ, ఆవిరై కంటికి కనపడని నీళ్ళనీ ఎంతో బాగా చెప్పారు. పిల్లలు రాసుకున్నారు. రెండో బెంచీ పిల్ల కూడా రాసుకుంది. డౌటమ్మ స్టూలు మీద కూలబడి, చేజేతులా పాడుచేసుకున్నానని మౌనంగా ఏడ్చింది.

గది ఖాళీ అయ్యాక నేల మీద దొరికిన నలిగిన చీటీని మాస్టారి ముందు పెట్టింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ చదివారు.

"ఇది పిల్లల దస్తూరీ కదా?"

"ఎప్పుడూ పిల్లలవే సార్. నా సందేహం ఒక్కటీ లేదు."

ఆయన చీటీ ముడతలు సాపుచేసి బల్ల మీద పరిచారు. "అయితే నన్ను ఇన్నేళ్ళలో ఏ పిల్లా ఏమీ అడగలేదన్నమాట," అన్నారు. ఆమె గుడ్డ మడిచి స్టూలు మీద పెట్టి, ల్యాబు తాళాలు ఆయన బల్ల మీద ఉంచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం ఆమెను ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళిన వేళకే ఇక్కడ పాఠం ముగిసింది. మాస్టారు ఆ రోజు సుద్ద దులుపుకోలేదు, ఎవరినీ ఒక్క మాటా అనలేదు. సందేహాలుంటే అడగండి, నేను నవ్వను, ఎవరినీ నవ్వనివ్వను అన్నారు, దాదాపు బతిమాలుతున్నట్టు. చేతులు కట్టుకుని గంట కొట్టేదాకా ఎదురుచూశారు. నలభై తలలూ ఖాళీ స్టూలు వైపే తిరిగి ఉన్నాయి.

పిల్లలు వెళ్ళాక ఆయన సింకు దగ్గరికి వచ్చారు. గూట్లో, అంచు విరిగిన బీకరులో, పిల్లలెవరో వేసి పోయిన, రెండు మడతలు పెట్టిన కొత్త చీటీ ఒకటి ఉంది.