సాగనంపు రొట్టె

వోల్గా నది ఒడ్డునున్న గొరొదెత్స్ ఊళ్ళో ఎంత మొండి చుట్టమైనా ఒక్క రొట్టెముక్కకు లొంగాల్సిందే. విందు ముగిశాక ఇంటావిడ అల్లం, లవంగం, తేనె వేసి చెక్క అచ్చులో వత్తి కాల్చిన పెద్ద రొట్టెను ముక్కలు కోసి, తలా ఒకటి చేతిలో పెడుతుంది. అందుకున్నవాళ్ళు నోరెత్తకుండా టోపీలు వెతుక్కుంటారు. అదే సాగనంపు రొట్టె. పొమ్మనకుండా పొమ్మనడమంటే ఇదీ.

ఉస్తీన్యా కూతురి పెళ్ళిలోనూ పంచారు. అందరూ కదిలారు, నది అవతలినుంచి వచ్చిన ఉస్తీన్యా ఆడబిడ్డ గ్లఫీరా తప్ప. పంటినొప్పి అంటూ ఆవిడ ముక్క ముట్టుకోలేదు. ఆ నొప్పి పళ్ళతోనే మర్నాడు బాతు తొడ ఎముకతో సహా నమిలింది.

అప్పటినుంచి ఇటుకల పొయ్యి మీది వెచ్చని పడక ఆవిడది. వోల్గా గడ్డకట్టిన చలిలో, నడుము పట్టేసిన ఉస్తీన్యాకు గుమ్మం పక్క బల్ల. అక్కయ్యను పొమ్మనడానికి నోరు రావడం లేదన్నాడు మొగుడు యెర్మొలై. పాపం, చేపల చారు దగ్గర మాత్రం ఆ నోరు బాగానే వస్తుంది.

ఇక లాభం లేదని ఉస్తీన్యా మళ్ళీ రొట్టె కాల్చింది. ఇరుగుపొరుగును టీకి పిలిచింది. పదిమంది ఎదుట చేతిలో పెడితే ఎలా కాదంటుందో చూద్దామనుకుంది. తీరా కోయబోయేసరికి ఆడబిడ్డ కత్తి లాక్కుంది.

"కూర్చోవే, నడుంనొప్పి దానివి. ఇంటి ఆడపడుచును, నేనుండగా నీకెందుకు శ్రమ?"

అందరికీ పంచి, మిగిలిన ముక్క ఉస్తీన్యా చేతిలోనే పెట్టింది. యెర్మొలై ఇంటికప్పు వైపు భక్తిగా చూశాడు.

ఉస్తీన్యా ఆ ముక్క తిని, శాలువా కప్పుకుంది.

"ఎక్కడికే?"

"ఆచారం కదా వదినా. ముక్క తిన్నాక ఉండకూడదు. మీ ఇల్లు ఖాళీగానే ఉందిగా."

గడ్డకట్టిన నది దాటి, గ్లఫీరా ఇంట్లో పొయ్యి రాజేసి పైకెక్కి పడుకుంది. నడుము పట్టు హాయిగా విడిచింది. ఉప్పులో ఊరిన పుట్టగొడుగుల జాడీ తెరిచిందని అవతలి ఒడ్డుకు కబురు వెళ్ళింది. పోనీలే అంది గ్లఫీరా. అడవిపళ్ళ మురబ్బా కూడా తెరిచిందని విన్నాక మాత్రం తలగుడ్డ కట్టుకోవడం కూడా మరిచి పరుగెత్తుకొచ్చింది.

"దిగవే మహాతల్లీ, మీ ఇంటికి పో."

"పోతాను వదినా. చేతిలో ముక్క పెట్టకుండా పంపితే మీ ఇంటికే అప్రదిష్ట."

ఎవరికీ చెంచాడు తేనె విదల్చని గ్లఫీరా పళ్ళు నూరుకుంటూ పిండి కలిపింది. కలిపిన వెంటనే అచ్చు తీయబోతే పైనుంచి ఉస్తీన్యా ఆపింది.

"తొందరపడకు వదినా. తేనె ముద్ద వారమైనా నానకపోతే రుచేముంటుంది?"

అని గోడవైపు తిరిగి పడుకుంది.