ఇంకా పొడవని చంద్రుడు

పొద్దు గూకేలోగా కావలసిన పనులు: నీళ్ల కుండల మీద, పచ్చడి జాడీల మీద గరిక వేయాలి. అందరూ తిని గిన్నెలు బోర్లించాలి. కత్తి, సూది, కొడవలి గర్భిణి గదిలోంచి తీసేయాలి. చాప తిన్నగా పరవాలి. చంద్రుడు కనబడగానే బాలమణిని దాని మీద పడుకోబెట్టి తలుపు మూయాలి. విడుపు అయ్యేదాకా ఆ పిల్ల కదలకూడదు, కాలు ముడవకూడదు.

అన్నీ బాలమణి అత్తగారు అలివేలమ్మ చెప్పింది, మంత్రసాని ఈరమ్మ చేసింది. నలభై ఏళ్లుగా ఈరమ్మ ఎవరేం చెబితే అది చేస్తూనే ఉంది. పొట్టి మనిషి, వంగిన నడుము, ఆముదం ఇంకి నల్లబడిన వెడల్పాటి అరచేతులు. గద్వాల వైపు ఒడ్డున ఆమె గుడిసె. కబురందితే పుట్టి పడవలో కృష్ణ పాయ దాటి, ఏటి నడుమ గడ్డ మీదున్న ఈ ఊరికి వచ్చేది.

అది 1932, కాముని పున్నమి. చంద్రుడు గ్రహణం పట్టుతోనే పొడుస్తాడని పంచాంగం చూసిన అయ్యగారు ముందే చెప్పి పంపాడు.

పొద్దున మొదలైన నొప్పులు సాయంత్రానికి ముదిరాయి. ఈరమ్మ కడుపు తడిమి చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది. తల్లిని నడిపించాలి, మోకాళ్ల మీద వంచాలి, మెల్లగా ఒత్తి బిడ్డను తిప్పాలి. చాప మీద కట్టెలా పడుకుంటే ఇద్దరూ దక్కరు.

ఇరవై ఏళ్ల కింద రాజోలిలో ఇలాంటి గ్రహణానికే, పెద్దల మాట విని ఆమె ఒక పిల్లను కదలనీయలేదు. విడుపు స్నానాలయ్యేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. గ్రహణం పాలయ్యారన్నారు. ఈరమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెను ఇన్నేళ్లూ తింటున్నది.

"ఒరేయ్ కురుమూర్తీ, కనవడ్డడారా?" అలివేలమ్మ మిద్దె మీదున్న కొడుకును కేకేసింది.

"లేదే అమ్మా. తూర్పంత దుమ్మే."

"పెండ్లిసూపులల్ల పిల్లనే సక్కగ సూడనోనివి, సంద్రుని ఏం సూస్తవు! ఈరమ్మా, వేన్నీళ్లకు పోతున్నవ్ గద, నువ్వు గుడ జర సూడు."

ఈరమ్మ పెరట్లోకి వెళ్లింది. పొయ్యి మీది కాగు దించి తలెత్తింది. అవతలి ఒడ్డున, దుమ్ము వెనక, మాడిన రొట్టె రంగులో చంద్రుడు. అంచున గోరంత వెలుగు. తెలిసిన కన్నుకు తప్ప కనబడడు.

కాగు అంచు చేతిని కాలుస్తున్నా ఆమె కదల్లేదు. తర్వాత లోపలికి నడిచింది.

"ఇంకా పొడవలే," అంది.

బాలమణి ఆమె చేయి పట్టుకుంది. "అవ్వా, పొడిస్తె చెప్పు. నేను కదిలితె బిడ్డకు పెదవి చీలుతదంట."

"చెప్పకుంటనా బిడ్డా? లే. నా మెడ పట్టుకో."

నడిపించింది. వంచింది. నొప్పికీ నొప్పికీ నడుమ అరచేతులతో కడుపును ఒత్తి, ఒత్తి తిప్పింది. అలివేలమ్మ రెండుసార్లు గడప దాకా వచ్చింది.

"పొడిసిండా?"

"లేదమ్మా."

మూడోసారి అడిగేలోపే బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. అలివేలమ్మ దీపం దగ్గరకు తెచ్చి పెదవి చూసింది, వేళ్లు లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి.

అప్పుడే మిద్దె మీంచి కేక. "అమ్మా! సంద్రుడు తాటిచెట్టంత ఎత్తుకొచ్చిండే! పట్టుడే గాదు, గ్రహణం సగం ఇడిసింది గుడ!"

అలివేలమ్మ దీపం పక్కన పెట్టి ఈరమ్మ వైపు తిరిగింది.

"వేన్నీళ్లకు పోయినప్పుడు సూసినవ్ గదనే?"

"సూసిన."

"సూసి పొడవలేదంటివి."

"అన్న." ఈరమ్మ బొడ్డుకు దారం బిగించింది. "పొడిసిండంటె నువ్వు పండవెడుతుంటివి. నేను మల్ల సూసుకుంట కూసుంటుంటి."

అలివేలమ్మ బిడ్డ వేళ్లు ఇంకోసారి లెక్కపెట్టింది. "ఇగ మా గడప తొక్కకు," అంది.

ఈరమ్మ ఏట్లో మునిగి, తడి చీరతోనే పుట్టి ఎక్కింది. తర్వాత ఆ గడ్డ నుంచి ఆమెకు కబురు రాలేదు. ఆ వానకాలమే జ్వరంతో పోయింది. కృష్ణ నిండుగా పారుతుండటంతో పుట్టి నడవలేదు. ఇవతలి నుంచి ఎవరూ వెళ్లలేకపోయారు.

ఆమె పేరు ఎక్కడా రాసి లేదు. చదివినవారు ఈరమ్మను ఒకసారి తలచుకోండి. బాలమణి గది గూట్లో ఆమె మరచిపోయిన సున్నపుకాయ అలాగే ఉంది. మూత మీద ఆమె బొటనవేలి గుర్తు, ఎండిన సున్నంలో.