ఇరవై ఎనిమిదో రోజు

మా అమ్మాయి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సివిల్ ఎంటెక్ చదివేది. ఇళ్లు కట్టడం నేర్పే ఆ భవనంలో కారే కప్పు కింద బకెట్లు పెడతారు. తను థీసిస్ కోసం పోసిన కాంక్రీటు దిమ్మను ఇరవై ఎనిమిదో రోజున పగలగొట్టి బలం చూడాలి. పందొమ్మిదో రోజున తను చనిపోయింది. ఆ ఒక్క అంకె వేస్తే థీసిస్ పూర్తవుతుందని నేనే వెళ్లాను.

"స్టూడెంటే సంతకం పెట్టాలి మాస్టారూ," అన్నాడు ల్యాబ్ అటెండరు.

"చనిపోయింది బాబూ."

"అయ్యో! అయితే రాలేనని తననే లెటర్ రాసిమ్మనండి."

అనేశాక నాలుక కరుచుకుని, మిషన్ ఆన్ చేశాడు. దిమ్మ పగలకుండా చాలాసేపు మొండికేసింది. రిజిస్టరులో అంకె వేసి, పక్కన 'దిమ్మ పాస్, విద్యార్థిని ఆబ్సెంట్' అని రాశాడు.

ముప్పై ఏళ్లుగా బడి హాజరు పట్టీలో నేనూ రాసే మాటే. దిద్దడానికి తప్పేమీ దొరకలేదు.