రాయకుండా వదిలేసిన వాక్యం

స్వర్ణలత ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పంతొమ్మిదేళ్లు కూర్చుంది. సికింద్రాబాద్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆసుపత్రిలో ఏ లెక్క ఎక్కడుందో ఆమెకు తెలిసినంతగా యజమానికి కూడా తెలియదు. అందుకే ఏఐ ఏజెంటును పెట్టినప్పుడు మేనేజర్ సత్యదేవ్ ఆమెను కౌంటర్ నుంచి లేపి పైన గదిలో కూర్చోబెట్టాడు.

ఏజెంటంటే మనిషనుకునేరు. కౌంటర్లో కంప్యూటర్ మీద జవాబులు చెప్పే ప్రోగ్రాము అది. పాత బిల్లులు వెతికి తెచ్చుకోవడానికి దానికి కొన్ని టూల్స్ ఉంటాయి. ఏ టూల్ ఏం తెస్తుంది, ఏం తీసుకురాదు, ఎప్పుడు వాడాలి అన్నది ఎవరో ఒకరు మామూలు మాటల్లో రాసిపెట్టాలి. ఏజెంటు ఆ రాత చదువుకుని నడుస్తుంది.

"కొత్తగా చేరిన మనిషికి చెప్పినట్టు రాసేయండి మేడమ్. మీకు తెలిసిందంతా," అన్నాడు సత్యదేవ్.

రాసింది. డబ్బులు చూసే టూల్ దగ్గర ఇలా రాసింది: "రోగి నంబరు ఇస్తే, ఆ రోగి కట్టిన డబ్బుల వివరాలన్నీ తెస్తుంది." పొందిగ్గా వచ్చిందని మురిసిపోయింది కూడా.

డయాలసిస్ రోగులు పన్నెండు సార్లకు ఒకేసారి ముందుగా కట్టే ప్యాకేజీ మాత్రం అందులో ఉండదు. అది ఎప్పట్నుంచో వేరే రిజిస్టరు, దానికి వేరే టూల్. మొదటిదాంట్లో పేరు కనిపించకపోతే కౌంటర్లో ఎవరి చెయ్యైనా దానంతటదే రెండోదాని మీదికి పోతుంది. ఒకరికొకరు చెప్పుకునే పని కూడా లేదు. అన్నం తినే ముందు చేతులు కడుక్కోమని ఎవరైనా రాసిపెడతారా? స్వర్ణలతకూ రాయాలని తట్టలేదు.

బన్సీలాల్‌పేట్ సోమయ్య మూడేళ్లుగా అక్కడే డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆ శనివారం భార్య బుచ్చమ్మ అతన్ని ఆటోలో తెచ్చింది. కౌంటర్లో నెల కిందట చేరిన అమ్మాయి నంబరు కొట్టింది. ఏజెంటు మొదటి టూల్ ఒక్కటే చూసి, "ఈ రోగి పేరున డబ్బు కట్టినట్టు లేదు" అంది. రసీదు చూపించమంది ఆ అమ్మాయి. బుచ్చమ్మ మొత్తుకుంది, బతిమాలింది, చివరికి రసీదు కోసం ఇంటికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి బెడ్ ఇంకొకరికి ఇచ్చేశారు. సోమవారం రమ్మన్నారు. ఆదివారం తెల్లవారుజామున సోమయ్య పోయాడు.

శనివారం ఏజెంటు ఏమేం చూసిందో నమోదైన లాగ్‌ను సోమవారం స్వర్ణలత తెరిచి చూసింది. ఏజెంటు తప్పు చేయలేదు. ఆమె రాసినట్టే చేసింది.

"ఆయనకు ముందే గుండె వీక్ అండీ. దీనివల్లే అని ఎవరు చెప్పగలరు?" అన్నాడు సత్యదేవ్. "ఆ లైను సరిచేసేయండి. ఈ మాట బయటెక్కడా ఎత్తకండి. మీకింకా ఏడేళ్ల సర్వీసుంది."

సరిచేసింది. "ఇందులో ప్యాకేజీ డబ్బులు ఉండవు. ఇక్కడ ఏమీ దొరకకపోతే రోగి కట్టలేదని అర్థం కాదు. ప్యాకేజీ టూల్ కూడా చూశాకే జవాబు చెప్పాలి." నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ నాలుగు నిమిషాలే ఆమెను తినేశాయి.

సోమయ్య పోయిన ఐదో రోజు నేరేడ్‌మెట్‌లోని తన ఇంటి నుంచి బస్సెక్కి బన్సీలాల్‌పేట్ వెళ్లింది. బుచ్చమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. ప్లాస్టిక్ కవరులోని రసీదు ఇంకా చేతిలోనే ఉంది. కొడుకు హరికిషన్ గడప మీద తల్లికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"గీ కాయితమే బిడ్డా," అంది బుచ్చమ్మ. "నువ్వు కౌంటర్ల ఉన్నప్పుడు ఎన్నడు అడగకపోతివి. మొకం జూసి లోపలికి పంపుతుంటివి. అందుకే ఎంట కొంటబోలే. నాదే తప్పు."

"ఒక్క కాయితం పట్కపోనీకి చాతగాలే," అన్నాడు హరికిషన్ ఇటు తిరక్కుండానే. "బాపును చేజేతుల సంపింది."

బుచ్చమ్మ తల వంచుకుంది. ఐదు రోజుల నుంచీ ఆ మాట పడుతున్నట్టే ఉంది.

స్వర్ణలతకు సిగ్గేసింది, భయమేసింది. "పెద్దమ్మా, ఆ కాయితం అక్కర్లేకుండె," అంది. "మీ పైసలు మా దగ్గర రాసే ఉన్నయి. ఏడ జూడాల్నో కంప్యూటర్‌కు రాసిచ్చింది నేను. సగమే రాసిన."

బుచ్చమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "అంటే కాయితం లేకున్నా చెయ్యాల్సింది ఉండెనా?"

"చెయ్యాల్సిందే ఉండె."

"మా అమ్మ బాధ జూసి ఉత్తగనే గిట్ల చెప్తున్నవా మేడం?" హరికిషన్ ఇప్పుడు ఇటు తిరిగాడు.

బుచ్చమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కవరులోంచి రసీదు తీసి, తిరగేసి, స్వర్ణలత ముందు పెట్టింది.

"గట్లయితే గీ ఎనక రాయి. నీ పేరు పెట్టు. ఉత్త మాట వీడు నమ్మడు."

స్వర్ణలత పెన్ను తీసింది. ఈ కాగితం ఎక్కడెక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. ఉద్యోగం పోతుందనీ తెలుసు. ఈసారి మాత్రం ఏమీ తెలియని మనిషి చదివినా అర్థమయ్యేలా, ఏదీ వదలకుండా రాసింది. కింద సంతకం చేసి, తేదీ వేసి హరికిషన్‌కిచ్చింది.

తల్లికి చదువు రాదు. అతనే పైకి చదివాడు. "సోమయ్య గారి పన్నెండు సార్ల డబ్బు ముందే కట్టి ఉంది. ఆ రోజు ఈ రసీదు అవసరం లేదు. ఆ డబ్బు ఎక్కడ చూడాలో కంప్యూటర్‌కు రాయకుండా వదిలేసింది నేను. బుచ్చమ్మ తప్పు..." అక్కడ ఆగి తల్లి వైపు చూశాడు.

"సదువు," అంది బుచ్చమ్మ.

"బుచ్చమ్మ తప్పు ఏమీ లేదు."

"మల్లోపాలి సదువు," అంది.