ఏ నియమం కింద తీశారు?

వీధి చివర కుళాయి దగ్గర అత్తయ్య పట్టిన ఆరో బకెట్టు కూడా మెట్లెక్కించి, చేతులు తుడుచుకుని ఫోన్ చూద్దును కదా, నేను పెట్టిన పోస్టు లేదు! "అడ్మిన్ తొలగించారు" అని ఒక్క ముక్క మిగిలింది.

అరగంట క్రితమే మా కుటుంబం గ్రూపులో రాశాను: "మన వార్డు మెంబరు మూడుసార్లు గెలిచాడు. మూడుసార్లూ ఇంటింటికీ నీళ్ళన్నాడు. ఈసారి నా ఓటు ఆయనకు లేదు." అంతే. మెంబరు మా మామయ్యగారి చిన్ననాటి స్నేహితుడు. అడ్మిన్ మా ఆయన. ఇంక చెప్పేదేముంది!

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. ఎందుకంటే నా ఉద్యోగమే అది. సోషల్ మీడియాలో జనం పెట్టినవాటిలో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చడం. ఎన్నికల రోజుల్లో పూటకు మూడొందలు చూస్తాను. నాయకుణ్ణి దద్దమ్మ అన్నా ఉంచుతాను. ఇల్లు తగలబెడతాం అంటే తీసేస్తాను. నాకు నచ్చిన పార్టీని ఎవరైనా ఉతికి ఆరేస్తుంటే వేలు దురద పెడుతుంది, అయినా ముట్టుకోను. ఏ నియమం కింద తీశానో రాయకపోతే మా సూపర్‌వైజరమ్మ ఊరుకోదు. "హాయిగా కూర్చుని ఫోన్ చూసేదానివి, నీకు అలసటేంటి?" అంటారు మా ఆయన, నాచేతే మంచినీళ్ళు తెప్పించుకుని.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "ఏమండీ, నా పోస్టు ఏ నియమం కింద తీశారు?"

"నియమమేంటి? నాన్న నొచ్చుకుంటారని."

"అది మా జాబితాలో లేదే!"

"ఇదేమన్నా నీ ఆఫీసా? రాజకీయాలు మేం చూసుకుంటాంలే."

"అయితే అప్పీలు చేస్తున్నాను."

"చెయ్యి, వింటాను," అన్నారు దర్జాగా.

"మీరు వినకూడదండీ. తీసినవాళ్ళు కాక వేరేవాళ్ళు వినాలి. మా ఆఫీసులో గట్టి రూలు అది."

మామయ్యగారు మెంబరు స్నేహితుడు కాబట్టి పనికిరారు. మిగిలింది అత్తయ్య. గ్రూపులో చేరి నాలుగేళ్ళయినా పుట్టినరోజులకు పువ్వుల బొమ్మ తప్ప ఒక్క అక్షరం పెట్టని మనిషి. ఆవిడ ఓటు ఎవరికని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, సిగ్గేసింది. ఆవిడ కూడా కాదంటే ఇక ఈ ఇంట్లో నేను నోరెత్తలేను. కాగితం మీద మళ్ళీ రాసి చేతికిచ్చాను.

కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా రెండుసార్లు చదివింది.

"ఇందులో బూతుందా?" అంది.

"లేదత్తయ్యా."

"అబద్ధం?" ఈసారి మామయ్యగారి వైపు చూసి అడిగింది. ఆయన గ్లాసు ఎత్తబోయి ఆగారు. అందులో ఉన్నవి పొద్దున్న మేమిద్దరం తెచ్చిన నీళ్ళే.

"మళ్ళీ పెట్టమ్మా," అంది అత్తయ్య కాగితం నాకిచ్చేస్తూ. "ఒక్కచోట దిద్దు. నా ఓటు అని కాదు, మా అత్తాకోడళ్ళిద్దరి ఓట్లు అని రాయి."