మాట పూర్తికాని పాత్ర

మిరపకాయకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ఆమెకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఎం.ఏ. సెమినార్‌కు ఆమె వంతుకు వచ్చింది సాక్షాత్తూ తండ్రి రాసిన నాటకమే. అందులోని గయ్యాళి భార్య ఎవరో బంధువులందరికీ తెలుసు. అమ్మే! ఊతపదాలతో సహా దింపేశాడు మహానుభావుడు. ఆ పాత్ర నోరు తెరిస్తే చాలు, జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. మొదటి వరసలో కూర్చున్న అమ్మ కూడా చచ్చినట్టు నవ్వాలి. ఆ నవ్వుకు నలుగురిలో జవాబు చెప్పి తీరాలని మిరపకాయ పంతం.

ఇదంతా రాసుకెళ్తే పాఠం చెప్పే మాస్టారు అడ్డంగా కొట్టేశారు.

"రచయిత ఇంటి గొడవ మనకెందుకమ్మా? రూపవాద విమర్శంటే కాగితం మీద ఉన్నదే చూడాలి. ఎవరు ఎప్పుడొస్తారు, ఎవరి మాట ఎక్కడ ఆగుతుంది, రంగాల అల్లిక ఎలా ఉంది. అంతే!"

"అంతేనా? సరే, అంతే చూస్తాను" అని పళ్ళు నూరుకుంటూ వచ్చేసింది. నాటకం మళ్ళీ చదివింది. చదివేకొద్దీ ఇంకా మండింది.

సెమినార్‌కు ముఖ్య అతిథి తండ్రే. పక్కన అమ్మ.

"ఈ నాటకంలో భార్య ఒక్క మాటా పూర్తి చేయదు," అని మొదలుపెట్టింది మిరపకాయ. "నోరు తెరవగానే భర్త అందుకుంటాడు. ఆ అందుకోవడంలోనే నవ్వు పుడుతుంది. ఆమె గయ్యాళి అని చెప్పేది కూడా భర్తే. ఆఖరి రంగంలో 'నాకు మాత్రం' అంటుంది. వెంటనే తెర పడుతుంది."

తండ్రి కులాసాగా నవ్వాడు. "హాస్యమంటే అదేనమ్మా. టైమింగ్!"

"అయితే చెప్పండి. తెర పడకపోతే ఏమనేది?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఏమో! అంతదూరం ఆలోచించలేదు."

ఇన్నేళ్ళు, ఇన్ని ప్రదర్శనలు! ఆలోచించలేదట!

"నన్నడిగితే చెప్పేదాన్నిగా," అంది అమ్మ.

హాలు గొల్లున నవ్వింది. అమ్మ నవ్వలేదు. లేచి నిలబడింది.

"నాకు మాత్రం..."

"అబ్బే, మా ఆవిడకి ఇవన్నీ ఏం తెలుసండీ," అంటూ తండ్రి అందుకున్నాడు.

మిరపకాయ బల్ల మీద గట్టిగా చరిచింది. "నాన్నా, ఒక్క క్షణం నోరు మూసుకో! అమ్మ మాట్లాడుతోంది."

అమ్మ భర్త వైపు తిరిగింది.

"నాకు మాత్రం ఆ నాటకం చూసినప్పుడల్లా మీ వెంట ఇంటికి రాబుద్ధయ్యేది కాదండీ."