బల్లకు ఆవలి అంచు

కత్తెరమ్మకు అరవై ఏడేళ్లు. తెరలు కుట్టే ఆ కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా గుడ్డ కోసేది ఆమే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. మోకాళ్లు నొప్పెట్టేవి, ఎడమ చెవి సరిగా పనిచేసేది కాదు. అయినా ఎవరైనా పలకరిస్తే "గుండ్రాయిలా ఉన్నా" అనేది. గొప్పకు కాదు, నిజంగానే అలా అనుకునేది.

అక్కడి సూపర్‌వైజరు ఆమె చెల్లెలి కొడుకు. పనిలో పెట్టించింది ఆమే. అరవై దాటినవాళ్లు ఏటా నింపాల్సిన ఆరోగ్య పత్రాన్ని ఆ ఏడు అతనే బల్ల దగ్గరికి తెచ్చాడు.

"కళ్లద్దాలు తెచ్చుకోలేదురా," అంది.

"సంతకం పెట్టెయ్ పెద్దమ్మా, మిగతాది నే నింపుతాగా. ఒంట్లో ఎలా ఉంది?"

"బాగుందని రాయి."

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. 'ఆరోగ్యం బాగోలేదని మీరే తెలియజేసినందువల్ల మీకు విశ్రాంతి ఇస్తున్నాము.' చదువుకుని తిన్నగా యజమానురాలి గది వైపు నడిచింది. తలుపు ముందు కొడుకు వరసైనవాడే అడ్డం నిలబడ్డాడు.

"కింద నీ సంతకం ఉంది పెద్దమ్మా. నా మాట నమ్ముతారా, నీ మాట నమ్ముతారా? ఇంటికెళ్లి హాయిగా పడుకో."

మర్నాడు ఆమె బల్ల దగ్గర అతని బావమరిది నిలబడ్డాడు.

ఇంట్లో కత్తెరమ్మకు పడుకోవడం తప్ప పని లేదు. అదేమిటో, పడుకుంటే నిద్ర రాలేదు. అన్నం సయించలేదు. కుళాయి దాకా వెళ్లి రావడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మూడో నెలలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ రక్తం, బీపీ అన్నీ చూసి కాగితాలు పక్కన పెట్టింది.

"అన్నీ పోయిన ఏడాదిలాగే ఉన్నాయండీ. మరి మీకు ఎలా అనిపిస్తోంది?"

"బాగోలేదు," అంది కత్తెరమ్మ.

నోరు జారిన ఆ మాట విని తనే అదిరిపడింది. వాడు అబద్ధం రాస్తే, దాన్ని నిజం చేసి పెట్టింది తాను! బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే ఒళ్లంతా మంట. ఏడుపు కాదు, కసి. ఆ పూట ఇంటికి నడిచే వెళ్లింది. ఎక్కడా గోడ పట్టుకోలేదు.

రెండు వారాలు తిరక్కుండా సూపర్‌వైజరు చేతిలో వెల్వెట్ ముక్కలతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నాటకశాలకు పెద్ద తెర కుట్టారట. వేలాడదీసి చూస్తే కలిపి కుట్టిన నిలువు బద్దల్లో సగం ముదురు ఎరుపు, సగం లేత ఎరుపు. మిల్లువాళ్లేమో అంతా ఒకే రంగు బట్ట అంటున్నారట. నాటకశాల తెరిచేది ఎల్లుండే.

"నువ్వే దిక్కు పెద్దమ్మా. నా ఉద్యోగం ఊడేలా ఉంది."

ఆమె ముక్కల్ని అరచేత్తో నిమిరింది. ఒకటి మెత్తగా జారింది, ఇంకొకటి చేతికి ఎదురు తిరిగింది. వెల్వెట్ మీది నూగు పైకి తిరిగి ఉంటే ముదురుగా, కిందికి తిరిగి ఉంటే లేతగా కనబడుతుంది. బావమరిది బద్దల్ని అటొకటి ఇటొకటి కోశాడు. సగాన్ని ఊడదీసి తలకిందులు చేసి కుడితే చాలు, ఒక్కరోజు పని. అదంతా మింగేసి, "వస్తా. కానీ అందరి ముందూ చెప్తా," అంది.

కుట్టు హాలులో మిషన్లన్నీ ఆగిపోయాయి. యజమానురాలు చేతులు కట్టుకుని నిలబడింది.

"ముందు నా ఆరోగ్య పత్రం తెప్పించండమ్మా," అంది కత్తెరమ్మ. "ఒరేయ్, చదవరా. గట్టిగా, నాకు ఎడమ చెవి వినబడదు."

"బాగోలేదు," అని గొణిగాడు.

"ఆ మాట ఎవరు రాశారు?"

అతను కిటికీ వైపు చూశాడు. "నోరు పడిపోయిందా? తెర అలాగే ఉండనియ్యనా?" అంది ఆమె.

"నేనే," అన్నాడు చివరికి.

అప్పుడు చెప్పింది తెర మర్మం. సాయంత్రానికల్లా తెరంతా ఒకే ఎరుపు.

బావమరిదిని ఆ రోజే పంపేశారు, కత్తెరమ్మ బల్ల మళ్లీ ఆమెకే వచ్చింది. సూపర్‌వైజర్నీ తీసేస్తానంది యజమానురాలు.

"వద్దమ్మా," అంది కత్తెరమ్మ. "తీసేస్తే నాలుగు రోజుల్లో మరిచిపోతాడు. నా బల్లకు ఆవలి అంచు పట్టుకోమనండి. గుడ్డ పరవడానికి మనిషి కావాలి."

ముగ్గురు పిల్లలవాడు. వేరే దారి లేక ఒప్పుకున్నాడు. చెల్లెలు వచ్చి గుమ్మంలో ఏడ్చింది. "అక్కా, వాడు నీ చేతుల్లో పెరిగాడే."

"అందుకే నా కళ్లముందే ఉంచుకున్నా," అని తలుపేసుకుంది. ఆ తర్వాత చెల్లెలు మాటలు మానేసింది. అది మాత్రం ముల్లులా గుచ్చుకునేది. అయినా కబురు పెట్టలేదు.

మోకాళ్ల నొప్పి పోలేదు. అయితే నిద్ర పట్టింది, కంచం ఖాళీ అయింది, మెట్లు మళ్లీ మామూలు మెట్లయ్యాయి. పనివల్లో, పగవల్లో ఆమె విడదీసి చూసుకోలేదు.

అతను బల్ల దగ్గరికి వచ్చిన నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం నడుం పట్టుకుని వంగిపోయాడు. నటన కాదు, మొహం పాలిపోయింది.

"పెద్దమ్మా, పది నిమిషాలు కూర్చుంటా."

ఆమె పరవాల్సిన గుడ్డ పొరలు లెక్కపెట్టింది. ఇంకా ఇరవై ఉన్నాయి. అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే చూసేవాడు.

"అంచు వదలకు," అంది. "గుడ్డ ముడత పడుతుంది."